ఒక్క శాసనం ఎందుకు చాలలేదు?
(పౌరహక్కుల చట్టాల పరిణామం – ఒక పరిశీలన)

డిగ్రీ ద్వితీయ సంవత్సరం తరగతిలో మహాకవి జాషువా 'గబ్బిలము' చెబుతున్న రోజది. 1941లో వెలువడిన ఆ కావ్యంలో నాయకుడు అస్పృశ్యుడు. దేవాలయ ప్రవేశార్హత అతనికి లేదు, గబ్బిలానికి ఉన్నది. కనుక తన మొరను కాశీ విశ్వనాథునికి వినిపించమని అతడు ఆ పక్షిని వేడుకుంటాడు. ఈ కథా సందర్భం వివరించి, స్వతంత్ర భారత రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసిందని చెప్పి పాఠం ముగించబోతుండగా వెనుక బల్లపై కూర్చున్న ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు.

"సార్, 1950లోనే రద్దయిపోతే 1955లో ఒక చట్టం, 1976లో ఇంకొకటి, 1989లో మరొకటి ఎందుకు చేయవలసి వచ్చింది? రద్దయినదాన్ని మళ్ళీ మళ్ళీ ఎలా రద్దు చేస్తారు?"

గంట మ్రోగింది. ఆనాడు ఏవో నాలుగు ముక్కలు చెప్పి బయటపడ్డాను గాని, ఆ సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఆ ప్రశ్న వేసిన విద్యార్థికి, అతనితోపాటు మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులందరికీ నేను బాకీపడిన జవాబు ఈ వ్యాసం.

హక్కు ఒకటి, అనుభవం ఒకటి

బ్రిటిషు పాలనలో ఈ మార్గంలో వేసిన తొలి అడుగులలో 1850 నాటి 21వ చట్టం ఒకటి. దానిని కుల అనర్హతల నివారణ చట్టమంటారు. మతం మార్చుకున్నందువల్లగాని, కులం నుంచి వెలివేయబడినందువల్లగాని ఏ మనిషీ తన ఆస్తిని, వారసత్వపు హక్కును కోల్పోరాదని అది శాసించింది. కులకట్టుబాటుకంటె ప్రభుత్వ శాసనం పైదని ఒక పరిమిత విషయంలోనైనా ఒప్పుకున్న చట్టమది. అయితే అది ఆస్తి గలవారిని గూర్చిన చట్టం. ఆస్తి మాట అటుంచి, ఊరిబావిలో చేద వేసే హక్కయినా లేనివారికి అందువల్ల ఒరిగింది స్వల్పం.

ఆరేండ్ల తరువాత, 1856లో, ధార్వాడలో ఒక మహర్ బాలుడు ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకొమ్మని అర్జీ పెట్టుకున్నాడు. న్యాయం బాలుని పక్షాననే ఉన్నట్లు బొంబాయి ప్రభుత్వం అంగీకరించింది. కాని ఆ ఒక్కనిని చేర్చుకుంటే తక్కిన పిల్లలందరూ బడి మానివేస్తారన్న భయంతో అతనిని చేర్చుకొనుటకు నిరాకరించింది. రెండేండ్ల తరువాత, సర్కారు ఖర్చుతో నడిచే బడులు అన్ని వర్గాలవారికీ తెరిచి ఉండవలెనని పైనుంచి ఉత్తరువు వచ్చింది. అయినా గ్రామాలలో ఆ ఉత్తరువు అమలు కావడానికి దశాబ్దాలు పట్టింది.

ఈ చిన్న ఉదంతాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించవలెను. హక్కు ఉన్నదని ఒప్పుకొనుట వేరు, ఆ హక్కును చేతికందించుట వేరు. ఈ రెంటి నడుమ ఉన్న దూరమే తరువాతి నూరేండ్ల పౌరహక్కుల చరిత్ర.

దోసెడు నీటికి పదేండ్ల వ్యాజ్యం

1923లో బొంబాయి శాసనమండలి ఎస్. కె. బోలే ప్రతిపాదించిన తీర్మానమొకటి ఆమోదించింది. ప్రభుత్వ నిధులతో నిర్మించిన, లేదా నిర్వహించే బావులు, చెరువులు, సత్రాలు, పాఠశాలలు అస్పృశ్యులకు కూడ తెరిచి ఉంచవలెనన్నది దాని సారాంశం. దానిననుసరించి కొంకణ ప్రాంతంలోని మహాడ్ పట్టణ మునిసిపాలిటీ 1924లో తన చవ్‌దార్ చెరువును అందరికీ తెరిచినట్లు తీర్మానించింది. తీర్మానం కాగితం మీద ఉన్నది. చెరువు గట్టుమీదకు మాత్రం అస్పృశ్యుడెవడూ పోలేకపోయాడు.

1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలాదిమందితో ఊరేగింపుగా ఆ చెరువుకు వెళ్ళి దోసిలితో నీరు త్రాగారు. ఆ వెంటనే, వీరు దేవాలయంలో కూడ ప్రవేశిస్తారని పుకారు లేచింది. సభ ముగించుకొని భోజనాలు చేస్తున్నవారిపై కర్రలతో దాడి జరిగింది. ఆ తరువాత చెరువుకు సంప్రోక్షణ చేశారు. అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ తన పాత తీర్మానాన్ని రద్దు చేసుకున్నది. డిసెంబరులో రెండవసారి సత్యాగ్రహానికి సన్నద్ధులు కాగా, చెరువు ప్రైవేటు ఆస్తి అంటూ కొందరు కోర్టునుంచి నిషేధపుటుత్తరువు తెచ్చారు. ఆ రెండవ సభకు పందిరి వేసుకొనేందుకు పట్టణంలో ఎవరూ స్థలమివ్వకపోతే, ఫత్తేఖాన్ అనే ముస్లిం గృహస్థు తన స్థలమిచ్చాడు. ఆ వ్యాజ్యం పదేండ్లు నడిచి, 1937లో బొంబాయి హైకోర్టు తీర్పుతో అంబేడ్కర్ పక్షాన ముగిసింది.

మహాడ్ నేర్పిన పాఠం ఇది: తీర్మానానికి శిక్షాబలం లేనప్పుడు, దానిని ధిక్కరించినవానికి నష్టమేమీ ఉండదు. నష్టమంతా దానిని నమ్మినవానిదే.

తెలుగునాట మేల్కొలుపు

తెలుగు ప్రాంతాలలో ఈ చైతన్యం అంతకు ముందే అంకురించింది. హైదరాబాదు సంస్థానంలో భాగ్యరెడ్డి వర్మ (1888–1939) 1906లో 'జగన్మిత్ర మండలి' స్థాపించి, అస్పృశ్య వర్గాల బాలబాలికలకు పాఠశాలలు నెలకొల్పారు. జోగినీ దురాచారంపైన, మద్యపానంపైన అలుపెరుగక ప్రచారం చేశారు. 1917లో బెజవాడలో జరిగిన మహాసభకు ఆయనే అధ్యక్షులు. పంచములన్న పేరు తమకు పరులు పెట్టిన పేరనీ, తాము ఈ నేల తొలి సంతానమైన ఆది ఆంధ్రులమనీ ఆ సభ ప్రకటించుకున్నది. తమ పేరు తాము పెట్టుకొనే హక్కు కూడ పౌరహక్కే అన్న గ్రహింపు అందులో ఉన్నది.

సాహిత్యమూ వెనుకబడలేదు. కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము' అని ఎలుగెత్తి, తెల్లదొర పోయినంత మాత్రాన తమవారి బానిసత్వం పోదని హెచ్చరించారు. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి' నవల వ్రాస్తే మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. ఒక నవలను చూచి ప్రభుత్వం జంకిందంటే ఆ నవలలోని వేదన ఎంత వాస్తవమో ఊహించవచ్చును.

శాసనాల విషయానికి వస్తే, నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగాలు. 1938లో ఎం. సి. రాజా కృషితో అక్కడి శాసనసభ పౌర అనర్హతల తొలగింపు చట్టాన్ని ఆమోదించింది. రోడ్లు, బావులు, ప్రజావాహనాలు మొదలైన వాటిని అస్పృశ్యులకు నిరాకరించే ఆచారాన్ని న్యాయస్థానాలు గుర్తించరాదని అది విధించింది. 1936లో తిరువాన్కూరు మహారాజు ఆలయప్రవేశ ప్రకటన చేశారు. 1947లో మద్రాసు రాష్ట్రం ఆలయప్రవేశ చట్టం చేసింది. అయితే ఇవన్నీ విడివిడి దీపాలు. ఒక రాష్ట్రంలో నేరమైనది పొరుగు సంస్థానంలో ఆచారమై నిలిచేది.

పదిహేడవ అధికరణం

ఈ చీకటిని దేశవ్యాప్తంగా తొలగించే అవకాశం రాజ్యాంగ సభకు లభించింది. 1948 నవంబరు 29న సభ ఆమోదించిన నిబంధనయే నేటి 17వ అధికరణం. అస్పృశ్యత రద్దయినదని, దానిని ఏ రూపంలో పాటించుటయైనా నిషిద్ధమని, దాని పేరిట ఎవరిపైనైనా అనర్హతను రుద్దుట చట్టప్రకారం శిక్షింపదగిన నేరమని అది ప్రకటించింది.

14వ అధికరణం చట్టం ముందు సమానత్వాన్ని, 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా వివక్ష చూపరాదన్న నియమాన్ని, 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలలో సమానావకాశాన్ని ప్రసాదించాయి. మనవంటి విద్యాసంస్థలకు ఆధారమైన 30వ అధికరణం కూడ ఈ కుటుంబంలోనిదే.

ప్రాథమిక హక్కులలో అధికభాగం ప్రభుత్వాన్ని ఉద్దేశించినవి. 17వ అధికరణం అట్లు కాదు. అది ప్రభుత్వాన్నే గాక ప్రతి పౌరుని, ప్రతి గృహస్థుని, ప్రతి దుకాణదారుని నేరుగా కట్టడి చేస్తుంది. ప్రైవేటు వ్యక్తులపైన కూడ ఇది చెల్లుతుందని సుప్రీంకోర్టు 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యంలో స్పష్టం చేసింది.

మన విద్యార్థి ప్రశ్నకు తొలి సమాధానం ఇక్కడ లభిస్తుంది. రాజ్యాంగం 'శిక్షింపదగిన నేరం' అన్నది గాని, ఏ పనికి ఎంత శిక్షయో చెప్పలేదు. ఆ శిక్షను నిర్ణయించే బాధ్యతను 35వ అధికరణం పార్లమెంటుకు అప్పగించింది. కనుక చట్టం రావలసి ఉన్నది.

1955: నేరానికి శిక్ష

ఆ చట్టమే అస్పృశ్యతా నేరముల చట్టం. 1955 జూన్ 1న అది అమలులోకి వచ్చింది. దేవాలయ ప్రవేశాన్ని అడ్డగించుట, దుకాణాలలో, హోటళ్ళలో, బావుల వద్ద, శ్మశానాలలో ప్రవేశం నిరాకరించుట, ఆసుపత్రులలోను, విద్యాలయాలలోను, వసతిగృహాలలోను చేర్చుకొనకుండుట, సరుకులమ్మ నిరాకరించుట – వీటన్నిటిని అది నేరాలుగా పేర్కొన్నది. బాధితుడు షెడ్యూల్డు కులస్థుడైనప్పుడు, అనర్హతను రుద్దినది అస్పృశ్యత కారణంగానే అని కోర్టు భావించవలెననీ, కాదని నిరూపించుకొనే భారం నిందితునిదేననీ నిర్దేశించింది. ఇది ఆ చట్టంలోని దూరదృష్టికి నిదర్శనం.

మరి లోపమెక్కడ? శిక్ష ఆరు నెలల జైలు 'లేదా' ఐదు వందల రూపాయల జరిమానా. ఇవి గరిష్ఠ పరిమితులు మాత్రమే, కనిష్ఠ పరిమితి లేదు. కొద్ది రూపాయల జరిమానాతో కేసు ముగించినా చట్టం అడ్డు చెప్పలేదు. పైగా కోర్టు అనుమతితో ఇరుపక్షాలు రాజీపడవచ్చును. కూలికి పిలిచేవాడు, అప్పు ఇచ్చేవాడు, నిందితుడు ఒక్కరే అయిన గ్రామంలో ఫిర్యాదుదారు రాజీపడక ఏమి చేయగలడు? 'రాజీ' అన్న మెత్తని మాట వెనుక బెదిరింపు దాగి ఉన్నదని చట్టకర్తలు ఊహించలేకపోయారు.

1976: పేరు మారింది, పట్టు బిగిసింది

ఈ లోపాలను పరిశీలించుటకు కేంద్రప్రభుత్వం 1965లో ఎల్. ఇళయపెరుమాళ్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం పని చేస్తున్న రోజులలోనే, 1968 ఫిబ్రవరిలో, నాటి కృష్ణాజిల్లా కంచికచర్లలో ఒక దళిత యువకుని దొంగతనం నెపంతో సజీవదహనం చేశారు. అదే సంవత్సరం డిసెంబరు 25న తమిళనాడులోని కీళ్‌వెణ్మణిలో నలభై నలుగురు ఒకే గుడిసెలో ఆహుతయ్యారు. వారిలో అధికులు స్త్రీలు, పిల్లలు. వారి పెద్దలు కోరినది కొద్దిపాటి అధిక కూలి.

సంఘం 1969లో నివేదిక సమర్పించింది. దాని పర్యవసానంగా 1976లో చట్టం సవరింపబడి, నవంబరు 19 నుంచి 'పౌరహక్కుల రక్షణ చట్టం' అన్న కొత్త పేరుతో అమలుకు వచ్చింది. పేరు మార్పు చిన్న విషయం కాదు. పాత పేరు నేరాన్ని చూపింది. కొత్త పేరు నేరం వల్ల మనిషి కోల్పోతున్నదేమిటో చూపింది. దేశంలో అత్యవసర పరిస్థితి అమలులో ఉండి, పౌరస్వేచ్ఛలు స్తంభించిన కాలంలో ఈ పేరు పెట్టుట చరిత్రలోని ఒక వైచిత్రి.

సవరణ చేసిన ముఖ్యమైన మార్పులివి:

మొదటిది, జైలు 'లేదా' జరిమానా అన్నచోట జైలు 'మరియు' జరిమానా వచ్చింది. తొలి నేరానికి ఒక నెలకు తక్కువ కాకుండ ఆరు నెలల వరకు ఖైదు, నూరు రూపాయలకు తక్కువ కాని జరిమానా. నేరం పునరావృతమయిన కొద్దీ శిక్ష పెరుగుతుంది.

రెండవది, రాజీకి తావు లేకుండ చేసింది.

మూడవది, ఫిర్యాదును దర్యాప్తు చేయవలసిన ప్రభుత్వోద్యోగి బుద్ధిపూర్వకంగా నిర్లక్ష్యం చేస్తే, అతడు నేరానికి తోడ్పడినట్లే భావించబడుతుంది.

నాలుగవది, అస్పృశ్యత పేరిట పాకీపని, కళేబరాలు తొలగించే పని బలవంతాన చేయించుటను నేరం చేసింది. మతం పేరనో, సంప్రదాయం పేరనో అస్పృశ్యతను సమర్థిస్తూ ప్రచారం చేయుట కూడ నేరమే.

1989: అవమానం నుంచి హింసకు

ఇంత పకడ్బందీ చట్టమున్నప్పుడు 1989లో మరొకటెందుకు? ఇదే మన ప్రశ్నలోని కఠినభాగం.

పౌరహక్కుల చట్టం 'నిరాకరణ'ను శిక్షిస్తుంది. నిరాకరణకు తలవంచని మనిషిపై జరిగే దాడిని అడ్డుకొనుటకు అది చాలలేదు. విద్య వలన, ఓటు వలన, చిన్నపాటి ఉద్యోగం వలన అణగారినవారు తలయెత్తి నడవసాగిన కొద్దీ, వివక్ష తన రూపం మార్చుకున్నది. వెనుకటి మనిషిని దూరంగా నిలబెట్టేవారు. హక్కు అడిగిన మనిషిని కొట్టసాగారు.

1985 జూలై 17న నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగినది ఇందుకు ఉదాహరణ. దళితులు త్రాగే మంచినీటి చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడిగి నీటిని పాడుచేస్తుంటే అడ్డుచెప్పడం దగ్గర తగాదా మొదలైనది. ఒక దళిత స్త్రీ ఎదురు నిలిచి బిందె ఎత్తింది. మరునాడు మాదిగపల్లెపై దాడి జరిగింది. ఆరుగురు హతులయ్యారు, స్త్రీలు అత్యాచారానికి గురయ్యారు. బ్రతికినవారు చీరాలకు తరలివచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ ఉద్యమం నుంచే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ప్రభృతుల నాయకత్వంలో దళిత మహాసభ ఆవిర్భవించింది.

మహాడ్‌లో చెరువు నీరు ముట్టినందుకు దాడి. యాభై ఎనిమిదేండ్ల తరువాత కారంచేడులో తమ చెరువు నీటిని పాడుచేయవద్దన్నందుకు దాడి. ఈ రెండు తేదీల నడుమనే రాజ్యాంగం, 1955 చట్టం, 1976 సవరణ ఉన్నవన్న సంగతి మరువరాదు.

1989లో పార్లమెంటు షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచార నిరోధక చట్టం చేసింది. 1990 జనవరి 30న అది అమలులోకి వచ్చింది. తినరానిది బలవంతంగా తినిపించుట, నగ్నంగా ఊరేగించుట, భూమిని ఆక్రమించుకొనుట, వెట్టి చేయించుట వంటివాటిని అది విడివిడిగా పేర్కొన్నది. దళితులు, గిరిజనులు వాడుకొనే నీటిని కలుషితం చేయుట కూడ ఆ జాబితాలో చేరినది. ముందస్తు బెయిలును నిషేధించింది, ప్రత్యేక న్యాయస్థానాలకు మార్గమేర్పరచింది. 1995 నాటి నియమావళి డి. ఎస్. పి. హోదాకు తగ్గని అధికారి దర్యాప్తు చేయవలెనని, బాధితులకు సహాయ పునరావాసాలు కల్పించవలెనని నిర్దేశించింది. 2015 సవరణ సాంఘిక బహిష్కారం, చెప్పుల దండ వేయుట, తల లేదా మీసాలు గొరిగించుట మొదలైన మరికొన్ని దుశ్చర్యలను చేర్చింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పొకటి ఈ చట్టం క్రింద అరెస్టులకు ముందస్తు షరతులు విధించగా, దేశవ్యాప్త నిరసన వెల్లువెత్తింది. ఆగస్టులో పార్లమెంటు సవరణ చేసి చట్టానికి పూర్వపు బలం చేకూర్చింది.

కనుక ప్రతి చట్టమూ ముందటి చట్టం చూడలేకపోయిన దానిని చూడటానికి చేసిన ప్రయత్నం. రద్దయినదానిని మళ్ళీ రద్దు చేయుట కాదిది. రూపం మార్చుకొని వచ్చినదానిని ప్రతిసారీ గుర్తుపట్టుట.

చట్టం కోర్టు మెట్లెక్కినప్పుడు

చట్టం బలం తీర్పులో తేలుతుంది. కర్ణాటకలో కొందరు దళితులను కొత్తగా వేసిన బోరుబావి నుంచి నీరు తోడుకొనకుండ బెదిరించి అడ్డగించిన కేసులో హైకోర్టు నిందితులను విడిచిపెట్టింది. 1992 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి శిక్షను పునరుద్ధరించింది. ఆ తీర్పులో అస్పృశ్యత మూలాలను విస్తారంగా చర్చించిన న్యాయమూర్తి కె. రామస్వామిగారు మన తెలుగువారు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, జైళ్ళలో కులాన్నిబట్టి పని కేటాయించే నిబంధనలను కొట్టివేసింది. రాజ్యాంగం వచ్చిన డెబ్బది నాలుగేండ్లకు జైలు గోడల వెనుక ఊడ్చేవాని కులం, వండేవాని కులం ఇంకా నియమావళిలో వ్రాసి ఉన్నవని దేశం తెలుసుకున్నది.

అయితే రెండవ ప్రక్క కూడ చెప్పకపోతే చరిత్ర చెప్పినట్లు కాదు. 1991 ఆగస్టు 6న నాటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. అక్కడే నెలకొల్పిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో ఇరువది ఒక్కరికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 వరకు, అనగా ఇరువది మూడేండ్లు పట్టింది. ఆలస్యమైన కొద్దీ సాక్షి వయస్సు పెరుగుతుంది, జ్ఞాపకం తరుగుతుంది, ధైర్యం సడలుతుంది.

ఇంకొక వెలితి కూడ ఉన్నది. మతం పేరనో, ఊరు పేరనో ఒకనికి ఇల్లు అద్దెకివ్వనన్న ప్రైవేటు యజమానిని ప్రశ్నించే సమగ్రమైన కేంద్రచట్టం మనకు లేదు. 2005లో సుప్రీంకోర్టు ఒక సహకార గృహనిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతస్థులకు పరిమితం చేసుకొనుటను అనుమతించింది. 2006లో సచార్ సంఘం సమానావకాశాల కమిషన్ ఉండవలెనని సిఫారసు చేసింది. అది శాసనరూపం దాల్చలేదు.

మన గడప

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక ఇల్లు అద్దెకు చూచుకున్నాను. గది చూపించి, కాఫీ ఇచ్చి, బావి నీరు తియ్యగా ఉంటుందని చెప్పిన ఇంటాయన, బయానా పుచ్చుకొనబోతూ పేరడిగాడు. చెప్పాను. ఆ క్షణంలోనే ఆయన బావమరిదికి ఆ ఇల్లు అవసరమైనది. నేను తిరిగివస్తూ చాల బాధపడ్డాను. ఆ బాధలో నాకు జ్ఞాపకం వచ్చినది మాత్రం మా ఇంటి పెరటిగోడ మీద బోర్లించి ఉండే ఒక సత్తుగ్లాసు. దొడ్డి శుభ్రం చేయవచ్చే మనిషికి మా దాదీ ఆ గ్లాసులోనే చాయ్ పోసేది. ఆ గ్లాసు ఏనాడూ వంటింటి గడప దాటలేదు. మా దాదీ ఐదుపూటలా నమాజు చేసిన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. అయినా ఆ గ్లాసు అక్కడే ఉండేది. నేనూ ఏనాడూ ఎందుకని అడగలేదు.

1934లో అంబేడ్కర్ తన మిత్రులతో, నాటి హైదరాబాదు సంస్థానంలోని దౌలతాబాదు కోట చూడవచ్చారు. రంజాను మాసమది. ప్రయాణపు దుమ్ము పోవడానికి కోటవాకిట ఉన్న కుంటలో వారు ముఖం, కాళ్ళు కడుక్కున్నారు. ఒక వృద్ధ ముస్లిం పరుగెత్తుకొని వచ్చి, అంటరానివారు నీటిని మైలపరచారని కేకలు వేశాడు. గుంపు చేరినది. మీ మతం మీకు నేర్పినది ఇదేనా, అంటరానివాడు మీ మతంలో చేరితే అప్పుడు కూడ నీరు ముట్టనివ్వరా అని అంబేడ్కర్ నిలదీయగా వారు మారుపలుకలేదు. చివరకు, కోటలో ఎక్కడా నీరు ముట్టకుండ చూడటానికి ఒక సిపాయిని తోడిచ్చి పంపారు. ఈ సంగతిని ఆయన తన స్వీయానుభవాలలో స్వయంగా వ్రాసుకున్నారు.

మహాడ్‌లో స్థలమిచ్చిన ఫత్తేఖాన్ మనవాడే, దౌలతాబాదులో కేకలు వేసిన వృద్ధుడూ మనవాడే. మొదటివానిని సగర్వంగా చెప్పుకొని రెండవవానిని దాచిపెట్టుట విద్యావంతులకు తగదు. మసీదులో భుజం భుజం కలిపి ఒకే వరుసలో నిలబడతాము. వరుస విడిపోయి పెండ్లి సంబంధాల మాట వచ్చేసరికి సయ్యద్, పఠాన్, దూదేకుల, ఫకీరు అన్న లెక్కలు బయటికి వస్తాయి. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ కల్పించినప్పుడు వర్గాలవారీగా జాబితా చేయవలసి వచ్చిందంటే, ఆ తారతమ్యాలు మనలో ఉన్నవని ఒప్పుకున్నట్లే కదా! పరాయివాడు మన మీద చూపిన వివక్షను గుర్తుంచుకొనుట తేలిక. మనం చూపినదానిని గుర్తుంచుకొనుటయే కష్టం. ఆ రెండవది చేయగలిగిన వానికే మొదటిదానిని ప్రశ్నించే నైతికబలం ఉంటుంది.

విద్యార్థి చేయగలిగినది

జస్టిస్ పున్నయ్య కమిషన్ సిఫారసుల ఫలితంగా మన తెలుగునాట ప్రతి నెలాఖరున గ్రామాలలో పౌరహక్కుల దినం జరిపే పద్ధతి ఏర్పడింది. రెవెన్యూ, పోలీసు అధికారులు గ్రామానికి వచ్చి, బావి దగ్గర, గుడి దగ్గర, హోటలు దగ్గర, క్షౌరశాల దగ్గర వివక్ష ఉన్నదేమో విచారించవలెను. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి ఉన్నదో లేదో చూడవలెను. మీ గ్రామంలో అది జరుగుతున్నదా? సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అడగండి, వెళ్ళి కూర్చోండి. ఫిర్యాదు వ్రాయలేనివానికి తెలుగులో నాలుగు వాక్యాలు వ్రాసిపెట్టండి: ఏ తేదీ, ఏ చోటు, ఎవరు, ఏమన్నారు, ఎవరు చూచారు. కేసు నిలిచేది ఆ నాలుగు వాక్యాల మీదనే. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండ ఉచిత న్యాయసహాయం లభిస్తుందని వారికి చెప్పండి. తెలిసినవాడు చెప్పకపోతే ఎంత మంచి చట్టమైనా బీరువాలోని పుస్తకమే.

ఇక నా విద్యార్థి ప్రశ్న. ఒక్క శాసనం ఎందుకు చాలలేదు? శాసనం చెరువు గట్టువరకు దారి వేయగలదు. గట్టుమీద నిలబడినవారు ప్రక్కకు తొలగుట శాసనం ఒక్కదానివల్ల అయ్యేది కాదు. వారు తొలగనప్పుడు మరొక శాసనం కావలసి వస్తుంది. ఆ నిలబడినవారిలో మనం కూడ ఉన్నామా అని ఎవరికి వారు చూచుకొనవలసి ఉన్నది.

మా దాదీ పోయి చాల కాలమైంది. ఇల్లు పంచుకున్నప్పుడు సామానులలో ఆ సత్తుగ్లాసు కూడ కనిపించింది. ఎవరూ దానిని తీసుకొనలేదు. నేను తెచ్చుకొని నా వ్రాతబల్ల మీద కలాలు పెట్టుకొంటున్నాను. ఆ విద్యార్థి ఎప్పుడైనా మా ఇంటికి వస్తే ఆ గ్లాసు కథ చెబుదామనుకున్నాను. ముందు మీ అందరికీ చెప్పితిని.